ఐతారం డ్యూటీ

ఆరు రోజులు బస్సుల నిలబడి
ఏడో రోజు గుట్ట ఎక్కుతనంటే
డిపోల నవ్విండ్రు.
"కాళ్లకు ఓటీ ఇస్తున్నరా, చంద్రకళా?" అన్నడు కంట్రోలర్.
ఇస్తలేరు. ఒక ఎర్ర జాకెట్ ఇస్తరు,
అది కూడ పరీక్ష పాసైతేనే.

ఖాజాగూడ గుట్టలు
ఎవరో బండ మీద బండ పెట్టి
మరిచిపోయినట్టుంటయి.
కింద అద్దాల బిల్డింగులు.
పొద్దు పొడవకముందే ఫోన్లు పట్టుకొని వస్తరు పిల్లలు.
ఎక్కేటప్పుడు అందరు మేకలే,
దిగేటప్పుడు తెలుస్తది చెప్పుల సంగతి.

నేర్పేటాయన యాకూబ్ సాబ్,
అంబులెన్సుల ఇరవై ఏండ్లు ఊగినోడు.
మంచు కొండల మీద జారిపడ్డోళ్లను
జారుడుబండికి కట్టి దించుకొచ్చేటోళ్ల
వీడియో చూపెట్టిండు. వాళ్లవి కూడ ఎర్ర జాకెట్లే.
"మనకు మంచు లేదమ్మా," అన్నడు,
"గని తొలకరి పడ్డనాడు చూడు ఈ బండను,
మంచుకు అక్క."

ముడులు నేర్చిన.
టికెట్ మిషన్ నొక్కి నొక్కి మొద్దుబారిన బొటనవేలు
తాడు కాడ బడికి కొత్త పోరి లెక్క తడబడ్డది.
మూడు మూలల గుడ్డతోని చెయ్యిని మెడకు వేలాడదీసుడు,
విరిగిన కాలికి గొడుగు కట్టుడు.
"మెడ కదలనియ్యకు, మెడ కదలనియ్యకు" అని
యాకూబ్ సాబ్ నిద్రల కూడ అంటడట,
ఆయన బేగం చెప్పింది.

మూడో ఐతారం నన్నే పేషెంటును చేసిండ్రు.
తలకు అటొక చెప్పు ఇటొక చెప్పు ఆనించి
ఛాతికి, నడుముకు, మోకాళ్లకు పట్టీలు బిగించి
ఆరుగురు లేపిండ్రు.

పదిహేడేండ్ల సంది నేనే మోస్తున్న.
ఎవరి మోచెయ్యో నా పక్కటెముకల,
ఎవరి పసిపిల్లనో నా సంచి మీద.
నన్ను ఎవరూ ఎత్తలే,
అమ్మ చంక దిగినంక.

ఆకాశం ఊగుతున్నది.
ఎవరిదో చెమట చుక్క నా నొసలు మీద పడ్డది,
తుడుసుకుందామంటే చేతులు కట్టేసి ఉన్నయి.
"నొప్పి ఉందా?" అని అడిగిండు కాళ్ల దిక్కు పిలగాడు,
ట్రైనింగుల అట్ల అడగాలె గనుక.
ఉందన్న.
అబద్ధం కాదు.

తల దిక్కు నా వంతు వచ్చినప్పుడు
ఒకటి, రెండు, మూడు అనాలె.
నా నోట్లకెంచి "రైట్ రైట్" అని వచ్చింది.
అందరు పక్కున నవ్విండ్రు,
పట్టీలల్ల ఉన్న అల్తాఫ్ కూడ, విరిగిన కాలు మరిచి.
గని లేపిండ్రు, ఒక్క తీరుగ.
అప్పటి సంది మాకు లేపాలంటే రైట్ రైట్,
దించాలంటే హోల్డాన్.
రాత పరీక్షల మాత్రం
యాకూబ్ సాబ్ అర మార్కు కోసిండు.

శ్రావణంల జాకెట్ వచ్చింది.
జేబు కుట్టు ఊడి ఉంటే కుట్టుకున్న.

రెండు వారాలకు, ముసురుల,
గుహ కాడ ఒక పిల్ల జారింది.
మడమ గుమ్మడి పిందె లెక్క ఉబ్బింది.
ఏడుస్తలేదు, పలిగిన ఫోన్ చూసుకుంటున్నది.
తల పట్టుకొని పేరడిగిన. సంహిత.
ఇయ్యాల ఏ వారం?
"ఐతారం... రేపు ఆఫీసు," అన్నది,
అప్పుడు ఏడ్చింది.

దించుతుంటే కండ్లు పైకి చేసి,
"అక్కా, నిన్ను ఎక్కడనో చూసిన."

రోజూ చూస్తది.
లింగంపల్లి బస్సుల రెండో మెట్టు మీద నిలబడి
ఆధార్ కార్డు కోసం సంచంత దేవులాడ్తది.
లోపలికి జరుగమని నేను ఒర్రుడు,
వినపడనట్టు ఆమె చెవులల్ల వైర్లు.

చెప్పలే.
"తల కదిలియ్యకు బిడ్డా," అన్న.

రోడ్డు కాడ హోల్డాన్ అన్న.
అందరు చేతులు తీసినంక కూడ
నా అరచేతులల్ల ఆమె తల
జరసేపు ఉన్నది, తడి జుట్టుతోని, బరువుగ.

సోమారం రెండో మెట్టు ఖాళీగ లేదు.
ఇంకెవరో నిలబడ్డరు, చెవులల్ల వైర్లతోని.
భుజం మీద చెయ్యి వేసి
లోపలికి జరుగమన్న.